అన్నము పెట్టని విద్య
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో నొక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను పిలిచినపుడు "కంప్యూటరు చదువులను గూర్చి నాలుగు మాటలు చెప్పుడు" అని కోరిరి. నేను కంప్యూటరు ఉద్యోగిని కాను. ఈ షోలాపురములోనే యొక నూలు వ్యాపార సంస్థయందు లెక్కలు వ్రాయువాడను, చదివినది బి.కాం. ఏ కళాశాలలో చేర్చినచో ఎంత జీతము వచ్చునో చెప్పు శక్తి నాకు లేదు. అట్టివి చెప్పువారు మీకు కొరవడరు, వద్దన్నను చెప్పుదురు. నేను చెప్పదలచినది వేరు. పగలు వేరొక వృత్తి చేసికొనుచు, రాత్రి తీరిక వేళ కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాసికొనుట యను నొక వ్యాసంగము కలదు. ఇరువది యేండ్లకు పైగా నేను దానిని విడువలేదు. దానివలన నా జీతము ఒక్క రూపాయియు పెరుగలేదు. అయినను మీ పిల్లలకు ఆ అవకాశమును నిలిపియుంచుడని మిమ్ము వేడుకొనుటకే వచ్చితిని.

పదవ తరగతి, పండ్రెండవ తరగతి ఫలితములు వెలువడు దినములలో మన పేటలలో జరుగు తంతు మీకు తెలిసినదే. ఎనిమిదవ తరగతి నుండి పాఠశాల కంప్యూటరు గదిని పట్టుకొని వ్రేలాడిన పిల్లలు కొందరుందురు. ఉపాధ్యాయుడు చూపిన పది పంక్తులను ఇరువది చేసి, తెరమీద బొమ్మను కదలించి, అన్నము వేళకు ఇల్లు చేరనివారు. వారిలో ఇంజనీరింగు సీటు వచ్చినవానికి ఇంటివారు క్రొత్త ల్యాప్‌టాపు కొనియిత్తురు. సీటు రానివానికిని, తానై కోరి వాణిజ్యశాస్త్రమునకో, నర్సింగునకో, న్యాయశాస్త్రమునకో పోయిన పిల్లకును దొరకు మాట వేరు. "ఇక ఆ పిచ్చి చాలును, నీ చదువేదో నీవు చదువుకొనుము." తల్లిదండ్రులు చెడ్డ తలంపుతో ననరు. ఫీజులు కట్టవలెను, అది ఇంటిలో బీడీలు చుట్టియో, మిల్లులో రెండు షిఫ్టులు చేసియో కూడబెట్టిన ధనము. కాని ఆ మాటతో పిల్లల మనసులో నొకటి జరుగును. ఇష్టమైన పని సిగ్గుపడవలసిన పనిగా మారును. అది గెలిచినవారి సొత్తు, నేను ఓడినవాడను, నాకు దానిని ముట్టు హక్కు లేదని పిల్లవాడు నిశ్చయించుకొనును. నాలుగేండ్లలో నేర్చినదంతయు మరచును. ఇట్లు విడిచినవారిని మన వీథిలోనే పలువురను నేనెరుగుదును. వారిలో కొందరు నాకంటె తెలివిగలవారు.

ఇంకొక విధమైన కీడును కలదు. అది ప్రేమతో వచ్చును గనుక దానిని గుర్తించుట కష్టము. నర్సింగు చదువు పిల్ల యొకతె సెలవులలో తన చెల్లెలికొరకు ఎక్కములు అడుగు చిన్న ఆటను తయారు చేసినదనుకొనుడు. చూచిన పినతండ్రి సంతోషించి వెంటనే ఏమడుగును? "అమ్మా, దీనిని అమ్మినచో ఎంత వచ్చును?" ఆ పిల్ల మరల దానిని తెరవదు. ఇంటిలో పాట పాడిన బిడ్డను, టికెట్టు ఎంత పెట్టుదమని ఎవరైన నడుగుదురా?

ఇచట మన సంగతియే కొంచెము ఆలోచింపుడు. ఈ నగరమున తెలుగు మనకు అన్నము పెట్టుచున్నదా? బజారులో మరాఠీ, పొరుగువారిలో కొందరితో కన్నడము, సరకు ఉత్తరదేశమునకు పంపునపుడు హిందీ, బ్యాంకు కాగితములపై ఇంగ్లీషు. తెలంగాణము నుండి మన పెద్దలు మగ్గపు పనికై వచ్చి తరములు గడచినవి. తెలుగు రానిచో మనలో నెవ్వరికిని పూట గడవకపోదు. అయినను విడిచితిమా? ఇంటిలో మాటలాడుచున్నాము, పెండ్లిపత్రికలు తెలుగున అచ్చువేయించుచున్నాము, ఈ పాఠశాలను నడుపుకొనుచున్నాము. "తెలుగు చదివించి ఏమి లాభము?" అని మిమ్మడిగిన బంధువులుందురు. వారికి మీరేమని బదులు చెప్పితిరో నేనెరుగను. ఒక్కొక్క ఇంట నొక్కొక్క జవాబు ఉండును. కాని ఏ జవాబు చెప్పితిరో ఆ జవాబే, వేరు వృత్తిలో నుండి ప్రోగ్రాములు వ్రాసికొను పిల్లవానికిని చెల్లును. అన్నము పెట్టని విద్యను విడువకుండ నిలుపుకొనుట ఎట్లో మనకంటె ఎక్కువ తెలిసినవారు లేరు.

ఈ విద్య మనకు పరాయిదియు కాదు. షోలాపురపు దుప్పటిపై పువ్వు ఎట్లు పూయును? జకార్డు మగ్గమును చూచినవారు ఈ సభలో సగముమంది కలరు. రంధ్రములు కొట్టిన అట్టలను మాలగా కుట్టి మగ్గము తలపై వ్రేలాడదీయుదురు. రంధ్రమున్నచోట సూది అట్టలోనికి పోవును, పడుగు పోగు లేచును. రంధ్రము లేనిచోట అట్ట సూదిని నెట్టివేయును, పోగు లేవదు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకకు ఆజ్ఞ. "కలదు", "లేదు" అను రెండు మాటలతోనే నెమలియు, తామరయు, పేరును నేయబడును. ఇదియే ప్రోగ్రాము. ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మారీ జకార్డు 1804లో ఈ యేర్పాటును సిద్ధపరచెను. 1839లో లియాన్ నగరమున ఆయన ముఖచిత్రమును పట్టుపై నేసినపుడు సుమారు 24,000 అట్టలు పట్టినవట. ఇంగ్లండులోని చార్లెస్ బాబేజి ఆ పట్టుచిత్రము నొకదానిని సంపాదించి ఇంటికి వచ్చినవారికి చూపుచుండెడివాడు. తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకు ఆ అట్టలనే ఎన్నుకొనెను. ఆ యంత్రము బెర్నౌలీ సంఖ్యలను ఏ క్రమమున గణింపవలెనో 1843లో వివరముగ వ్రాసి ప్రకటించినది ఏడా లవ్‌లేసు అను స్త్రీ. యంత్రము పూర్తిగ నిర్మింపబడనే లేదు. ఆమెకు ఆ పని జీవనాధారమును కాదు. మొట్టమొదటి ప్రోగ్రాములలో నొకటి, అన్నము పెట్టని పనిగనే పుట్టినది. మగ్గపు అట్టలను కుట్టిన చేతులు మా యింటనే యుండెను గనుక, కంప్యూటరు మన కులవృత్తికి మేనల్లుడని నేను పరిహాసముగ ననుచుందును.

ఇతర వృత్తులవారు ప్రోగ్రాములు వ్రాయవలెనను కోరికయు క్రొత్తది కాదు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు జాన్ కెమెనీ, థామస్ కర్ట్‌జ్ అను ఇద్దరు గణితాచార్యులు 1964లో బేసిక్ అను భాషను కల్పించినది, శాస్త్రవిద్యార్థులు కానివారికిని కంప్యూటరు అందవలెనని. సాహిత్యము, చరిత్ర చదువువారు కూడ దానిని వాడవలెనని వారి తలంపు. తరువాత ఈ విద్య పెద్ద జీతముల త్రోవయైనది, మంచిదే. కాని త్రోవ ప్రక్కనున్న తోటకు గోడ కట్టినది మనమే.

దృష్టాంతములకై దూరము పోనక్కరలేదు. మన మహారాష్ట్రమునందే, నాసిక్ దగ్గర దేవలాలీలో డి. ఆర్. కాప్రేకర్ అను బడిపంతులుండెను. 1930 నుండి 1962లో ఉద్యోగము విరమించువరకు ఆయన పని పిల్లలకు పాఠములు చెప్పుట. ఆయన వ్యసనము సంఖ్యలు. విశ్వవిద్యాలయపు ఆచార్యపదవి లేదు. పెద్ద గణితజ్ఞులలో కొందరు ఆయన పనిని ఆటగా తలచిరి. ఆటయే, కాదని ఆయనయు ననలేదు. ఆ యాటలో 1949లో ఆయన ప్రకటించిన యొక వింతను మీకు చూపుదును. కాగితముపై ఎవరైన చేయవచ్చును.

నాలుగంకెల సంఖ్య నొకదానిని తీసికొనుడు. నాలుగంకెలును ఒకటే కారాదు. 3524 అనుకొందము. దాని అంకెలను పెద్దది మొదలుగ వ్రాసిన 5432. చిన్నది మొదలుగ వ్రాసిన 2345. తీసివేయుడు: 3087. దీనినే మరల నట్లు చేయుడు: 8730లో 0378 తీసివేసిన 8352. మరల: 8532లో 2358 తీసివేసిన 6174. ఇంకొకసారి చేయుడు: 7641లో 1467 పోగా మరల 6174 యే. ఇక కదలదు. ఏ సంఖ్యతో మొదలిడినను ఏడు మెట్లకు మించకుండ ఇచటికే వచ్చి చేరును. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ అను ప్రసిద్ధ రచయిత సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో కాప్రేకరును గూర్చి వ్రాసిన పిమ్మట దేశదేశములవారికి ఆయన పేరు తెలిసినది. అప్పటికి ఆయన బడి విడిచి పదమూడేండ్లు.

కాప్రేకరు కాగితముపై చేసినదానిని ఈనాడు తొమ్మిదవ తరగతి పిల్ల పండ్రెండు పదునైదు పంక్తుల ప్రోగ్రాముగ వ్రాయగలదు. 0000 మొదలు 9999 వరకు గల పదివేల సంఖ్యలలో అంకెలన్నియు నొకటే యైన పదింటిని విడిచి, మిగిలిన 9,990 సంఖ్యలను వరుసగ పరీక్షింపుమని యంత్రమున కాజ్ఞాపింపవచ్చును. రెప్పపాటులో ముగించును. అపుడు ఆ పిల్లకు తోచునది "ఔను, నిజమే" అను మాట మాత్రమే కాదు. "మూడంకెలతో చేసిన నేమగును?" అని తానే అడుగును. 495 వచ్చును. "అయిదంకెలతో?" అని అడుగును. అచట ఒక్క సంఖ్యపై నిలువదు. కొన్ని సంఖ్యలు గానుగెద్దువలె చుట్టు తిరుగుచుండును. ఈ ప్రశ్నలు పరీక్షాపత్రమున రావు. వీటికి మార్కులు లేవు. రాత్రి పదిగంటలకు ఒక పిల్ల తనంతట తానొక ప్రశ్న వేసికొని తానే జవాబు కనుగొనిన క్షణమును ఏ కళాశాలయు అమ్మజాలదు. ఆ పిల్ల మరునాడు ఆసుపత్రిలో పనికి పోవునదియైనను, కోర్టుకు పోవునదియైనను ఆ క్షణమునకు లోటు లేదు.

కోర్టు అనగా జ్ఞప్తికి వచ్చినది. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 2012లో ఓరకిల్, గూగుల్ అను రెండు మహాసంస్థల నడుమ నొక వ్యాజ్యము నడచెను. జావా అను ప్రోగ్రాము భాషలోని భాగములను గూగులు తన ఫోను వ్యవస్థలో అనుమతి లేక వాడుకొన్నదని ఓరకిల్ వాదము. అందులో తొమ్మిది పంక్తుల చిన్న ముక్క యొకటి, రేంజ్‌చెక్ అని దాని పేరు, చర్చకు వచ్చినది. దాని పని స్వల్పము: మన మడిగిన స్థానము వరుసకు లోపల నున్నదా, బయటికి పోయినదా యని చూచుట. నూరు గడులున్న అరలో నూటపదియవ గడిని తెరువుమన్న నౌకరు ముందు ఎంచి చూచినట్లు. ఓరకిల్ న్యాయవాది దానికి గొప్ప విలువ కట్టబోయెను. న్యాయమూర్తి విలియం ఆల్సప్ అడ్డుతగిలి, అటువంటి ముక్కను తాను నూరుసార్లు వ్రాసియుంటినని చెప్పెను! ఆయన అనేక సంవత్సరములుగ తన ముచ్చటకొరకు బేసిక్ భాషలో ప్రోగ్రాములు వ్రాసికొనుచుండిన మనిషి. ధర్మాసనముపై కూర్చుండి ఇట్లనునని న్యాయవాదులు కలనైన తలచియుండరు. ఆయన తీర్పు 2014లో పై న్యాయస్థానమున మారినది. తుదకు 2021లో అమెరికా సుప్రీంకోర్టు వేరొక కారణముపై గూగులు పక్షముననే నిర్ణయించినది. న్యాయశాస్త్రపు చిక్కులు మనకు వలదు. నేను గమనించినది ఇంతే: తొమ్మిది పంక్తుల విలువ యెంతో ఆ న్యాయమూర్తి ఎవ్వరిని అడుగనక్కరలేకపోయెను. న్యాయశాస్త్రము చదువబోవు మీ పిల్ల కంప్యూటరును మూయవలసిన పని లేదని చెప్పుటకు ఇంతకంటె ఏమి చెప్పుదును?

తల్లులలో కొందరు "పిల్లల మాట సరే, మావంటివారికి దీనితో నేమి పని" యని నవ్వుకొనుచుండవచ్చును. జపాను దేశమున మసాకో వకామియా అను ఆమె బ్యాంకులో నలుబదియేండ్లకు పైగా పనిచేసి విరమించినది. వృద్ధులకు తగిన ఆటలు ఫోనులో లేవని చూచి, తానే నేర్చుకొని, బొమ్మల కొలువులో ఏ బొమ్మ ఏ మెట్టుపై నుండవలెనో కూర్చు నొక ఆటను 2017లో వెలువరించినది. అపుడామె వయస్సు 81. మన సంక్రాంతి బొమ్మల కొలువుపై అట్టి ఆటను చేయుటకు మన అమ్మమ్మలకంటె ఎవరికి ఎక్కువ తెలియును?

ఇక నా పనిని గూర్చి యొక మాట. నూలు లెక్క మీకు తెలిసినదే. 20వ నంబరు నూలనగా ఒక పౌను బరువునకు 20 చిలపలు; చిలపకు 840 గజములు. 2,400 పోగులతో 100 గజముల పడుగు వేయవలెననిన, మొత్తము 2,40,000 గజముల నూలు. పౌనుకు 16,800 గజముల చొప్పున సుమారు 14.29 పౌనులు, అనగా దాదాపు ఆరున్నర కిలోలు. దీనిపై వృథా క్రింద కొంత కలుపవలెను; రెండుపోగుల నూలైన నంబరు సగమగును; ధర వారమువారము మారును. ఈ లెక్కను నేను ఇంటివద్ద నలుబది పంక్తుల ప్రోగ్రాముగ వ్రాసికొంటిని. దానివలన గుమాస్తాపని మాయమైనదని చెప్పను. లాభ మింకొకటి. ప్రోగ్రాము వ్రాయవలెననిన లెక్కలో ప్రతి మెట్టును యంత్రమునకు విప్పిచెప్పవలెను; "ఇది మామూలే" అనుటకు వీలులేదు. ఎన్నో యేండ్లుగ చేతివాటమున చేయుచున్న లెక్క నాకు నిజముగ తెలిసినది ఆ నలుబది పంక్తులు వ్రాసిన తరువాతనే.

ఏ వృత్తిలోనైనను నేడు అంకెలు పట్టికలలో నిలుచును. వాటి స్వభావ మెరిగినవాడొకడు ఆ గదిలో నుండుట మేలు. 2020లో ఇంగ్లండు దేశమున కోవిడు సోకినవారి సంఖ్యలలో 15,841 కేసులు కొన్ని దినములపాటు లెక్కలోనికి రాక జారిపోయినవి. కారణము, సమాచారమును పాతరకపు ఎక్సెల్ ఫైలులో పోయుట. ఆ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు, మించినవి లేవనినట్లే. గ్లాసులో చెంబు నీళ్లు పోసినవారు మూర్ఖులు కారు. గ్లాసు ఎంత పట్టునో వారికెవ్వరును చెప్పలేదు. వైద్యము, ఆరోగ్యశాఖ పనులు ఎరిగి, ఇంటివద్ద ప్రోగ్రాములతో ప్రొద్దుపుచ్చు మనిషికి ఈ సంగతి పట్టుబడియుండును.

అట్లని ముచ్చటపడువానికి హద్దులు లేవనరాదు. రోగికి ఇయ్యవలసిన మందు మోతాదు చెప్పు ప్రోగ్రామును ఇంట వ్రాసి ఆసుపత్రిలో వాడుట తగదు. అది పరీక్షింపబడిన సాధనములతో జరుగవలసిన పని. యజమాని ఖాతాదారుల వివరములను ఇంటి కంప్యూటరునకు తెచ్చుకొనరాదు. కార్యాలయమంతయు తానొక్కడు వ్రాసిన ప్రోగ్రాముపై నాధారపడునట్లు చేసి, బదిలీయైన నాడు చేతులు దులుపుకొనిపోవుట మర్యాద కాదు. వంట తెలిసినంత మాత్రమున పెండ్లివంటకు పూనుకొనము గదా.

"ఇపుడు కృత్రిమ మేధ వచ్చినది, మనమడిగిన ప్రోగ్రామును అదియే వ్రాసియిచ్చుచున్నది; ఇక నేర్చుట ఎందుకు?" అని ఈ సభకు ముందే ఒక తండ్రిగారు నన్నడిగిరి. 2022 చివర చాట్‌జీపీటీ వెలువడిన నాటి నుండి ఈ ప్రశ్న ఎల్లెడల వినబడుచున్నది. జీతమునకై ప్రోగ్రాములు వ్రాయువారి గతి యేమగునో జోస్యము చెప్పుట నా పని కాదు. ముచ్చటకు వ్రాయువానికి మాత్రము దీనివలన పోవునది యేమున్నది? హోటలు వచ్చినదని ఇంటిలో వండుట మానితిమా? గ్రామఫోను వచ్చినదని లాలిపాట మానితిమా? ఆ యంత్రమును చిక్కుపడినచోట అడుగవచ్చును. గురువు దగ్గర లేని ఊరి పిల్లలకు అది మేలే. కాని అది వ్రాసియిచ్చినదానిని చదివి, తప్పెచట నున్నదో పోల్చగల చూపు ఉండవలెను. ఆ చూపు స్వయముగ వ్రాసినవానికే వచ్చును. 6174ను యంత్రమే చెప్పివేసిన పిల్లకు జవాబు దొరకును. ఆ రాత్రి పదిగంటల క్షణము దొరకదు.

ఎట్లు నిలుపుకొనవలెనని అడుగువారికి నాకు తెలిసిన కొలదిగ చెప్పుదును. కాలము ఎక్కువ పట్టదు. వారమునకు రెండు సాయంకాలములు, ఒక్కొక్కటి గంట, చాలును. కాని ఆ రెండును తప్పరాదు. సంగీతము నేర్చినవారు సాధకమును గూర్చి చెప్పునదియే ఇది. నెలకొక క్రొత్త భాషను పట్టువారు ఏదియు నిలుపుకొనలేరు, ఒక్కటి చాలును. మన పాఠశాలలో నేర్పు పైథాను మంచిది. దాని పుట్టుకయు ముచ్చటయైనదే: హాలండు దేశస్థుడైన గైడో వాన్ రోసమ్ 1989లో క్రిస్మసు సెలవులకు కార్యాలయము మూసియుండగా ప్రొద్దుపోవుటకై మొదలిడినది, 1991లో లోకమునకు వెలువడినది. క్రొత్త యంత్రమును అక్కరలేదు. అన్న విడిచిన పాత ల్యాప్‌టాపుపై లినక్సు వేసికొనిన చాలును. అదియు 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు సరదాకు మొదలిడినదే, మూల్యము లేదు. వ్రాసినదానిని, ఎందుకు అట్లు వ్రాసితిమో ఒక పుస్తకములో రెండు పంక్తులు గుర్తు వ్రాసికొనుట మంచిది. రెండు నెలలు పెండ్లిపనులలో పడి తిరిగి వచ్చినపుడు ఆ రెండు పంక్తులే చేయి పట్టుకొని లోనికి తీసికొనిపోవును.

ఏమి వ్రాయవలెననునది పిల్లల యిష్టము. కాని మన పిల్లలకు మాత్రమే దొరకు నొక సొగసైన పనిని చెప్పక ఉండలేను. ప్రపంచ భాషల అక్షరములకు యూనికోడ్ అను పట్టిక యొకటి కలదు. 1991లో వచ్చిన దాని తొలి ప్రతిలోనే తెలుగునకు చోటున్నది. 128 గడులు మనవి. ఇపుడు "స్త్రీ" అను మాటను పైథానుకిచ్చి ఎన్ని అక్షరములో ఎంచుమనుడు. ఒకటనదు, ఆరనును! సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము. మనకు ఒక్క అక్షరము, యంత్రమునకు ఆరు గడులు. మన అక్షరమును అక్షరముగ ఎంచుట యంత్రమునకు నేర్పవలెను. అది నేర్పిన తరువాత గురులఘువులు. దీర్ఘమైన గురువు, సున్నయో విసర్గయో పొల్లో తోడైన గురువు, సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువు, తక్కినది లఘువు. తెలుగు పండితులవారు చెప్పిన సూత్రములు ఇట్లు పంక్తులు పంక్తులుగ ప్రోగ్రామునకు సరిపోవును. నేను దీనిని రెండు వర్షాకాలముల రాత్రులలో వ్రాసికొంటిని. పద్యమునిచ్చిన గణములు విడదీయును. ఊనికకొలది తేలికగ పలుకబడు సంయుక్తములకడ ఇంకను తడబడుచున్నది. దానితో వాదులాడుట నాకు పండుగ. వ్యాకరణమన్న పారిపోవు పిల్లలకు దీనిని చూపినచో, గురువేదో లఘువేదో వారే కూర్చుండి నాతో తగవులాడిరి.

తల్లిదండ్రులకు నా ప్రార్థన చిన్నది. పిల్ల నర్సింగులో చేరినను, పిల్లవాడు మీ దుకాణములో కూర్చుండినను, వారానికి ఆ రెండు గంటలను వారికి విడువుడు. పరీక్షల ముందు మూయుడన్న న్యాయమే. పరీక్షల తరువాత తెరువుడని కూడ మీరే చెప్పుడు. ఏమి వ్రాసితివని అడుగుడు. ఎంత వచ్చునని అడుగకుడు. అర్థము కాకున్నను ఒకసారి ప్రక్కన కూర్చుండి చూడుడు. ఆడపిల్లల విషయమున మరొక మాట. మగపిల్లవాడు రాత్రి కంప్యూటరుముందు కూర్చుండిన చదువుచున్నాడందుము. ఆడపిల్ల కూర్చుండిన ఇంటిపని ఎగవేయుచున్నదందుము. పెండ్లియైన తరువాత ఆమె రెండు గంటలు మొదట కరగిపోవును. అల్లుని వెదకునపుడు జీతముతోపాటు ఈ సంగతిని కూడ విచారించు తండ్రి యొక్కడైన నుండునా యని చూచుచున్నాను.

పాఠశాలకు కూడ ఒక విన్నపము చేసికొంటిని. పదవ తరగతి దాటిన పిల్లలకు కంప్యూటరు గది తలుపు మూతపడుచున్నది. ఇంటిలో యంత్రము లేనివారికి ఆ మూతయే తుది. శనివారము సాయంకాలము అయిదు గంటల నుండి ఏడువరకు ఆ గదిని పూర్వవిద్యార్థులకు, వారే వృత్తిలో నున్నను, తెరచియుంచుటకు ప్రధానోపాధ్యాయులవారు సమ్మతించిరి. తాళపుచెవి బాధ్యత నాది. విద్యుత్తు ఖర్చును సంఘమువారు భరింతురని కార్యదర్శిగారు నిన్ననే మాట ఇచ్చిరి. సభలో చెప్పితిని గనుక ఇక తప్పుకొనలేరు. పరీక్ష లేదు, ధ్రువపత్రము లేదు, రుసుము లేదు. మగ్గము పని ముగించి వచ్చువారు ఆరున్నరకు వచ్చినను చాలును. తల్లులు పిల్లలతో రావచ్చును, పిల్లలు లేకుండను రావచ్చును. వచ్చు శనివారము 6174తో మొదలిడుదము. ఒక కాగితము, పెన్సిలు తెచ్చుకొనుడు. మొదటి అరగంట కంప్యూటరును ముట్టము.